దించే సారు

మీరందరూ ఎగిరే ఫొటోలు చూపిస్తారు. కొండ అంచు నుంచి దూకే ఫొటో, మబ్బు పక్కన నవ్వే ఫొటో, కాళ్ల కింద పెనుకొండ కోటగోడ సన్నగా కనపడే ఫొటో. దిగే ఫొటో మాత్రం ఒక్కరూ చూపించరు. నోరు తెరుచుకొని, కళ్లు చిట్లించి, మోకాళ్లు వంచి నేల మీదికి వచ్చే మనిషి అందంగా ఉండడు మరి. నా ఉద్యోగమంతా ఆ ముఖాలు చూడటంతోనే గడిచింది. అందుకే మీ ఫొటోలు నా ముందు పెట్టినప్పుడు నేను పెద్దగా మాట్లాడను. గర్వం అనుకోకండి.

తొంభైల్లో పెనుకొండలో ఒక చిన్న శిక్షణ కేంద్రం ఉండేది. హ్యాంగ్ గ్లైడర్ నేర్పేవాళ్లం. మీ ప్యారాగ్లైడర్ లాగా సంచిలో మడిచి భుజాన వేసుకునేది కాదది. అల్యూమినియం గొట్టాల మీద బిగించిన పెద్ద రెక్క. మనిషి దాని కింద బోర్లా వేలాడుతూ, ఎదురుగా ఉన్న అడ్డగొట్టం, అంటే బారు, పట్టుకొని నడపాలి. ఊళ్లోవాళ్లు దాన్ని గద్దబండి అనేవాళ్లు. నేనూ కొన్నేళ్లు ఎగిరాను. ఒకసారి గాలివాలుకు దిగి కుడికాలి చీలమండ విరగ్గొట్టుకున్నాను. ఎముక అతుక్కుంది గాని కొండ ఎక్కే కాలు కాకుండా పోయింది. కేంద్రం అధికారి మంచివాడు, ఉద్యోగం తీయలేదు. దిగే చేనుకు నన్ను పెట్టాడు.

కొండ మీదున్నవాళ్లు ఎక్కించే సార్లు. కింద నేనొక్కడినే దించే సారు. ఆ పేరు పెట్టింది చేను ఇచ్చిన రైతు.

పైన ఎప్పుడూ పదిమంది ఉండేవాళ్లు. టీ ఫ్లాస్కు పైనే, బోండాల పొట్లం పైనే, నవ్వులూ పైనే. గాలి సరైన వైపుకు తిరిగితే ఆ నవ్వులు నా దాకా వినిపించేవి, మాటలు మాత్రం అర్థమయ్యేవి కావు. నా దగ్గర ఒక నీళ్ల కుండ, గాలి ఎటు వీస్తోందో చెప్పడానికి వెదురుకు కట్టిన గుడ్డపేలిక, ఒక ఈల. రేడియోలు మాకింకా రాలేదు. శనక్కాయ పీకేసిన ఎర్రటి చేన్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆకాశం చూస్తూ నిలబడేవాణ్ణి. ఒకరు దిగుతారు, రెక్క మడుస్తారు, జీపు వస్తుంది, నవ్వుకుంటూ మళ్లీ పైకి పోతారు. నేను మళ్లీ మెడ ఎత్తుతాను. సంసారం ఓబులదేవరచెరువులో, నేను పెనుకొండలో ఒక అద్దెగదిలో. రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా గడిచి, సాయంత్రం అంగట్లో అగ్గిపెట్టె అడగబోతే గొంతు బొంగురుగా వచ్చిన రోజులున్నాయి.

పాఠం చెప్పడానికి కూర్చోలేదు గాని, దిగడం గురించి కొంచెం చెప్పకపోతే మిగతాది మీకు అందదు. ఎదురుగాలిలోకి రావాలి. నేల దగ్గరపడేకొద్దీ భయంతో బారును తోసేసి వేగం తగ్గించకూడదు, వేగం ఉంచుకోవాలి. మనిషి ఎత్తులో నేలకు సమంగా జారుతూ ఉంటే రెక్క తనంతట తాను మెత్తబడుతుంది, చేతుల్లో బరువు వదులవుతుంది. సరిగ్గా అప్పుడు రెండు చేతులూ పైకి, పూర్తిగా తోయాలి. రెక్క ముక్కు లేస్తుంది, గాలి ఆగుతుంది, కాళ్లు నేలకు ఆనుతాయి. గోడ మీద కాకి వాలినట్టు. ముందు తోస్తే పైకి లేచి దభీమని పడతావు. ఆలస్యమైతే ముక్కు మట్టిలో దిగుతుంది. ఇంకొక ముఖ్యమైన సంగతి, కాళ్ల కింది నేలను చూడకూడదు. దూరంగా, ఎదురుగా ఒకదాన్ని చూడాలి. మా చేన్లో చూడటానికి ఏమీ లేదు కాబట్టి చివరన నేను నిలబడేవాణ్ణి. ఎర్ర నేల మీద ఎరుపు తెలియదని నాకు పసుపు చొక్కా కుట్టించారు. చేతులు రెండూ చాచి ఉంచితే వస్తూ ఉండమని అర్థం. రెండూ పైకెత్తితే, తోయమని.

కొత్తవాళ్ల కోసం పెట్టిన పద్ధతి అది. నేర్చినవాళ్లు నా చేతుల కోసం చూడరు, రెక్కే చెబుతుంది వాళ్లకు.

ఎక్కించే సార్లలో అందరికంటే పెద్దాయన ధర్మవరం మనిషి. మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గం మీద కూర్చోలేక పారిపోయినవాడు. "కూసుంటే పొద్దుగూకుల్లూ కాళ్లు మగ్గం గుంతలోనే ఉంటాయప్పా, ఆ గుంతలోనుంచి ఇంత ఎత్తుకొచ్చినా నేను" అనేవాడు. మా అందరికీ నేర్పింది ఆయనే, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. రోజూ ఆఖరున ఎగిరేది ఆయనే. అందరూ దిగి జీపులో పోయాక, ఎండ పసుపు తిరిగే వేళకు ఆ రెక్క ఒక్కటే కొండ దాటి వచ్చేది. దిగి, రెక్క మడిచి, నాతో చేనుగట్టు మీద కూర్చునేవాడు. ఉడకబెట్టిన శనక్కాయలు తినేవాళ్లం. ఆ తర్వాత ఇద్దరం నడుచుకుంటూ ఊళ్లోకి పోయేవాళ్లం. చాలా రోజులు నేను మనసు విప్పి మాట్లాడే మాటలు ఆ కాసేపట్లోవే. నా కోసమే ఆయన ఆఖరున ఎగురుతున్నాడని నాకు తెలుసు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ ఏడు ఒక మార్పు గమనించాను. దిగేటప్పుడు ఆయన నా చేతులను చూడటం మొదలుపెట్టాడు. నేను ఎత్తిన క్షణానికి ఆయన తోసేవాడు, ముందూ కాదు, వెనకా కాదు. నాకు నేర్పిన గురువు నా చేతుల మీద నమ్మకం పెట్టుకున్నాడని లోపల పొంగిపోయాను. ఒంటరిగా పనిచేసేవాడికి చిన్న మెచ్చుకోలు చాలు, రెండు పూటలు అన్నం లేకపోయినా గడిచిపోతుంది.

మా చేను పక్కన అదే రైతుకు జొన్నచేను ఉండేది. గింజ పాలు పోసుకుంటున్న రోజులు. ఆ రైతొక రోజు నా దగ్గరికొచ్చి, "సారూ, ఆ పాత అంగీ నీకేటికి? ఇస్తే బొమ్మకు తొడుగుతా. పిట్టలు కంకులన్నీ తింటాండాయి" అన్నాడు. మోచేతుల దగ్గర చిరిగిన పసుపు చొక్కా ఒకటి నా దగ్గరుంది. ఇచ్చాను. అడ్డకర్రకు చేతులు చాపి, జొన్నచేను గట్టు మీద గడ్డిబొమ్మను నిలబెట్టాడు. తల స్థానంలో కుండ. అందరూ చూసి నవ్వారు. కింద ఇప్పుడు ఇద్దరు దించే సార్లు ఉన్నారు, రెండోవాడు జీతం అడగడు అన్నాడు జీపు డ్రైవరు. నేనూ నవ్వాను.

ఆ సాయంత్రమే, పెద్దాయన ఆఖరున వచ్చాడు. ఎప్పటిలాగే చేను మీద ఒక చుట్టు తిరిగి, ఎదురుగాలిలోకి మలుపు తీసుకున్నాడు. కాని నేరుగా నా వైపుకు రాలేదు. కొంచెం పక్కకు, జొన్నచేను వైపుకు వస్తున్నాడు. సరిదిద్దుకుంటాడులే అనుకున్నాను. సరిదిద్దుకోలేదు. ఈల ఊదాను. రెండు చేతులూ ఎత్తి ఊపాను. ఆయన తల నా వైపు తిరగనే లేదు. జొన్న వెన్నులకు సమంగా, ఎంతో నిదానంగా, తోయకుండా అలాగే పోయాడు. బారు పైరుకు తగిలింది. రెక్క ముక్కు కిందికి పోయి, వెనకభాగం లేచి, పెద్ద చప్పుడుతో పడింది.

నా కాలితో పరుగెత్తగలిగినంత పరుగెత్తాను. అప్పటికే ఆయన రెక్కకు తగిలించిన కొక్కెం తప్పించుకొని బయటికి వచ్చి నిలబడ్డాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు. పైరులో నుంచి నేను వెళ్లేసరికి ఆయన ముఖం గట్టు వైపుకు ఉంది. గడ్డిబొమ్మ ఆయనకు పట్టుమని పది గజాల దూరమైనా లేదు. దాంతో అంటున్నాడు.

"ఏమప్పా, చేతులెత్తకుండా అట్లే నిలబడుకోని ఉంటివే. ఏమాలోచన చేస్తాంటివి?"

నేను ఆయన వెనక ఉన్నాను. ఆ బొమ్మ చేతులు గాలికి కొంచెం ఊగాయి. జవాబు రాకపోయేసరికి ఆయన మళ్లీ, "కోపమా? నీళ్లన్నా తేప్పా" అన్నాడు.

"అన్నా, నేను ఈడుండా" అన్నాను.

ఆయన గబుక్కున తిరిగాడు. ఒకసారి నా వైపు, ఒకసారి బొమ్మ వైపు తల తిప్పాడు. ఆ చాచిన చేతులకు అర్థం, వస్తూ ఉండు అని. ఎత్తుతాడు, ఎత్తుతాడు అని చూస్తూ ఆయన పైరు మీదికి వచ్చేశాడు. ఇన్నాళ్లూ నేను మెచ్చుకోలు అనుకున్నది వేరేదని అప్పుడు తెలిసింది.

పైవాళ్లకు ఈ సంగతి నవ్వులాటగా చేరింది. పెద్దసారు గడ్డిబొమ్మను చూసి దిగాడంట అని వారమంతా చెప్పుకున్నారు. ఎంత గొప్పవాడికైనా ఒకరోజు పొరపాటు జరుగుతుంది, దాన్ని ఎవరూ పెద్దది చేయలేదు. కుండను ముఖమనుకున్నాడన్న మాట నేనొక్కడినే విన్నాను. ఎవరికీ చెప్పలేదు.

మరుసటి రోజు షెడ్డులో ఆయన చిరిగిన రెక్కకు అతుకు వేస్తున్నాడు. వేస్తున్నాడంటే, వేళ్లతో తడిమి చిరుగు అంచు పట్టుకొని సూది దించుతున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"ఎప్పటి నుంచన్నా?"

ఆయన అబద్ధం చెప్పలేదు. "పోయిన యేడు నుంచి. షుగరు అంటాడు హిందూపురం డాక్టరు. పక్కలు తెలస్తాయి, నడి మద్దెలో మసక. చేను ఎర్రగా తెలస్తాది. నువ్వు పసుపుగా తెలస్తావు. చేతులెత్తితే పసుపు పొడుగైతాది. అది సాలు నాకు."

"అధికారికి చెప్పల్లన్నా."

"చెప్తే నన్ను యాడ పెడతారు? నీ మాదిరి కిందనా?" సూది ఆపాడు. "కింద నిలబడేదానికి గూడా కండ్లు గావల్లప్పా."

మళ్లీ సూది దించుతూ ఆయన మెల్లగా, "నీకుండాయి గదా కండ్లు. నువ్వు ఎత్తు, నేను దిగుతా. ఈ చలికాలం గడవనీ" అన్నాడు.

ఆ ఆదివారం ఆయనకు జంట ఎగురుడు ఉంది. అంటే ఒకే రెక్క కింద గురువూ శిష్యుడూ ఇద్దరూ వేలాడి ఎగరడం. శిష్యురాలు హిందూపురం కాలేజీ అమ్మాయి. వాళ్ల నాయన పట్టుగూళ్ల మార్కెట్టులో వ్యాపారి, తల్లి ముఖం భయంతో ఎప్పుడూ వాడిపోయి ఉండేది. ఆ అమ్మాయి వారమంతా నా దగ్గర చేన్లో బారు పట్టుకొని పరుగెత్తి, చేతులు తోసి, దిగడం సాధన చేసింది. శనివారం సాయంత్రం వచ్చి అడిగింది.

"సార్, రేపు దిగేటప్పుడు నేను యాడ చూడల్ల?"

"నా వైపే చూడల్లమ్మా."

"పెద్దసారు గూడా మీ వైపే చూస్తారా?"

"చూస్తారు" అన్నాను. ఆ మాట అన్నాక నాకు గట్టు మీద కూర్చోబుద్ధి కాలేదు.

మీరు అడుగుతారు, అధికారికి ఒక్క మాట చెబితే సరిపోయేది కదా అని. సరిపోయేది. కాని అందరి ముందూ ఆయనకు వేళ్లెన్ని అని చూపించి పరీక్ష పెడతారు. పారిపోయి వచ్చిన గుంతలోకే ఆయన్ని చెయ్యి పట్టుకొని దించినట్టవుతుంది. పోనీ నేనే చేనుకు రాకుండా ఉంటే? ఇంకొకరిని నిలబెడతారు. ఆ ఇంకొకరికి, పెద్దసారుకు చేతులెత్తాల్సిన అవసరం ఉందని తెలియదు. ఇంకో సంగతి కూడా ఉంది, దాచడమెందుకు. ఆయన వెళ్లిపోతే సాయంత్రాలు నాతో కూర్చునే మనిషి ఉండడు. ఆ వారమంతా అమ్మాయి ప్రాణం ఒకవైపు, నా గట్టు మీది కాసేపు ఇంకొకవైపు పెట్టి తూచానంటే మీరు నన్ను ఏమనుకుంటారో తెలియదు. తూగలేదు లెండి. కాని తూచాను.

ఆదివారం పొద్దున చేన్లో గుడ్డపేలిక కట్టాను. గాలి మెత్తగా, ఒకే వైపు నుంచి, తడబాటు లేకుండా వస్తోంది. కాసేపు దాన్ని చూసి, చేను వదిలి రోడ్డు మీదికి వెళ్లాను. సామాను తీసుకుపోతున్న జీపు ఆపి ఎక్కాను. డ్రైవరు నన్ను వింతగా చూశాడు. "ఏం సారూ, యాడికి?" అంటే, "పైకి" అన్నాను. జీపు ఆగిన చోటు నుంచి మిగతాది నడక. చీలమండ విరిగిన తర్వాత ఆ దారి తొక్కడం అదే మొదలు. రాళ్లు పట్టుకొని, కూర్చుంటూ లేస్తూ పోయాను.

అంచు దగ్గర రెక్క సిద్ధంగా ఉంది. తెల్లటి గుడ్డ గాలికి బిగుసుకుంది. పెద్దాయన, ఆ అమ్మాయి పక్కపక్కన పట్టీలు బిగించుకొని, కొక్కెం తగిలించుకొని నిలబడ్డారు. అమ్మాయి తల్లిదండ్రులు ఒక బండగుండు నీడన ఉన్నారు. రెక్క పట్టుకున్న కుర్ర శిక్షకులు నన్ను చూసి నోరు తెరిచారు. ఎవరో ఏదో అనబోయేలోపు పెద్దాయన తల కొంచెం వంచాడు. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడుస్తూ వచ్చే నా నడక చప్పుడు ఆయనకు బాగా తెలుసు, రోజూ పక్కన నడిచినవాడే కదా.

"ఎవురూ, నువ్వా?"

"నేనే అన్నా."

"నువ్వు ఈడుంటే, కింద ఎవురుండారు?"

నాకు ఆయాసంగా ఉంది. ఊపిరి తీసుకొని చెప్పాను. "కింద ఎవురూ లేరన్నా. ఆ గడ్డిబొమ్మ తప్ప ఎవురూ లేరు."

మిగతావాళ్లకు అది పాత నవ్వులాట మాటే. ఒకతను నవ్వాడు కూడా. పెద్దాయన నవ్వలేదు. ఆ కళ్లు నా వైపుకు తిరిగి నన్ను దాటి ఎక్కడో ఆగాయి. నేను నోరు విప్పితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకొనే వెళ్లాను. ఆయన బారు వదలకపోతే అందరి ముందూ చెప్పేసేవాణ్ణే. ఆ అవసరం రాలేదు. ఆయన చెయ్యి వెనక్కి పోయింది. మొదట ఆ అమ్మాయి కొక్కెం తప్పించాడు. తర్వాత తనది.

"గాలి బాగాలేదు. ఈపొద్దు వద్దు" అన్నాడు అందరికీ వినపడేలా.

ఆ చలికాలంలో అంత మంచి గాలి నేను చూడలేదు. కుర్రవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అయినా పెద్దసారు గాలి బాగాలేదంటే కాదనేవాడు ఆ కొండ మీద లేడు. నేనూ గాలి వైపు చూసి తల ఊపాను. అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. తల్లి మాత్రం ఎవరికి మొక్కిందో గాని రెండు చేతులూ జోడించింది.

తర్వాత జరిగినవి మామూలు సంగతులు. కళ్ల సంగతి ఆయనే అధికారి గదిలోకి వెళ్లి చెప్పుకున్నాడు. ధర్మవరం వెళ్లిపోయాడు, అన్నదమ్ముల ఇంట్లో మగ్గాల చప్పుడు మధ్య ఉన్నాడు. ఒకట్రెండుసార్లు రైలెక్కి వెళ్లి చూసొచ్చాను. కాఫీ ఇచ్చారు. ఆ చప్పుడులో మాట వినపడక ఇద్దరం ఊరికే కూర్చున్నాం. ఆ అమ్మాయి ఇంకో శిక్షకుడితో ఎగిరి, తర్వాత ఒంటరిగానూ ఎగిరి, గోడ మీద కాకిలాగే దిగింది. కొన్నేళ్లకు కేంద్రం మూతపడింది. ఇప్పుడు ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక చేల ధరలు పెరిగి, ఆ చేన్లో కూడా ప్లాట్ల రాళ్లు పాతారు.

నాకు మాత్రం ఆ ఆదివారమే మిగిలింది. అందరినీ జీపులో పంపించి, "మేమిద్దరం నడిచొస్తాం" అన్నాడు ఆయన. నా భుజం మీద చెయ్యి వేసి దిగాడు. ఈడ గుండుంది, ఈడ పల్లం, ఈడ కంప ఉండాది అని నేను చెబుతూ వచ్చాను. నా కాలు ఆగినప్పుడు ఆయనా ఆగాడు. ఎందుకు పైకి వచ్చావని అడగలేదు. కోపం ఉందేమో కూడా నాకు తెలియలేదు.

చేను మొదట్లో ఆయన నిలబడిపోయాడు.

"నువ్వు పోయి నీ తావులో నిలబడు" అన్నాడు.

నేను కుంటుకుంటూ ఆ చివరికి పోయి, గుడ్డపేలిక పక్కన, రోజూ నిలబడే చోట నిలబడ్డాను. పసుపు చొక్కా ఒంటి మీదే ఉంది. ఆయన ఎండలో కదలకుండా నా వైపు చూస్తున్నాడు.

"ఎత్తు" అని కేక వేశాడు.

రెండు చేతులూ ఎత్తాను. గాలి నా చంకల్లో నుంచి దూరిపోతోంది. ఆయన చూస్తూనే ఉన్నాడు. తల కొంచెం ఈ పక్కకు, కొంచెం ఆ పక్కకు తిప్పి చూశాడు. చాలాసేపయింది. నా భుజాలు నొప్పి పుట్టాయి.

"ఎత్తినావా?" అని అడిగాడు.

"ఎత్తినా అన్నా" అన్నాను.

ఆయన తల ఊపాడు. వెనక్కి తిరిగి, కాలితో గట్టు వెతుక్కుంటూ, బస్సు వచ్చే రోడ్డు వైపుకు నడిచాడు. పిలిస్తే ఆగేవాడేమో. పిలవలేదు. ఆయన రోడ్డు చేరేదాకా నేను చేతులు దించలేదు.